దూరము పెరిగి కాలము తగ్గిన ప్రయాణము

రెండు నగరముల నడుమగల దూరమును విమానవేగముచే భాగించినచో ప్రయాణకాలము వచ్చునని పాఠశాలలో నేర్పుదుము. సూత్రములో లోపము లేదు. కాని ఏ దూరము? ఏ వేగము? ఇవి తేలనిదే భాగహారమునకు దిగరాదు.

గోళముపై ఢిల్లీనుండి అమెరికా పడమటి తీరమునగల శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక దారము బిగించి చూడుడు. అది తూర్పునకు గాని పడమరకు గాని పోదు. ఉత్తరముగా సాగి, ధ్రువమునకు చేరువగా పోయి, ఆవలి వైపున దిగును. పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. గోడమీది పటములో ఈ దారి తోచదు. గుండ్రని భూమిని చదునుచేసినపుడు ఉత్తరప్రాంతములు సాగిపోవును గదా.

విమానములు సరిగా ఈ దారమువెంటనే పోవు. దారిలో టిబెట్టు పీఠభూమి ఉన్నది. విమానములోపలి గాలి ఒత్తిడి పడిపోయినచో పైలటు వెంటనే సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు దిగవలెను. అచ్చట నేలయే అంతకంటె ఎత్తు!

ఎయిర్ ఇండియా విమానము మొదట పడమరగా, అట్లాంటిక్ సముద్రము మీదుగా పోయెడిది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దానిని తూర్పునకు మళ్ళించి పసిఫిక్ మీదుగా నడిపిరి. దూరము సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగినది. పట్టిన కాలమో, దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలైనది. భాగించి చూడుడు: గంటకు సుమారు 1,055 కిలోమీటర్లు. ఆ బోయింగు 777 నిశ్చలమైన గాలిలో పోగల వేగము సుమారు 900 మాత్రమే. మిగిలినది గాలి చేసిన సాయము. పది కిలోమీటర్ల ఎత్తున పడమటినుండి తూర్పునకు ఉరవడిగా వీచు గాలినే జెట్ ప్రవాహమందురు. ఎదురైనచో అదే గాలి వేగమును తగ్గించును.

“భూమి తూర్పునకు తిరుగుచున్నది, తూర్పుగా పోవు విమానమునకు గమ్యము వెనుదీయదా?” అని చురుకైన విద్యార్థి అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. వాతావరణము భూమితోపాటు తిరుగుచుండుటచే అట్లు జరుగదు. పరుగెత్తు రైలుపెట్టెలో ఈగ ముందుకును వెనుకకును ఒకే తీరున ఎగురుట చూచియుందురు. అయితే భూభ్రమణమునకు ఇందు పాత్ర లేకపోలేదు: ఉష్ణమండలమునుండి ధ్రువముల దెసకు కదలు గాలిని తూర్పునకు మళ్ళించి జెట్ ప్రవాహమును కల్పించునది అదియే.

ఇక గడియారము. అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక. ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరినచో, దిగునపుడు మనకు సాయంకాలము ఆరున్నర. అక్కడ అదే తేదీ ఉదయము 6. గడియారములను మాత్రమే చూచి తీసివేసినవానికి ప్రయాణము రెండు గంటలే!

తిరుగు ప్రయాణమును తూర్పుగానే, అట్లాంటిక్ మీదుగా సాగినది. రానుపోను కలిపి ఆ విమానము భూమిని ఒక చుట్టు చుట్టివచ్చినదన్నమాట.