పెనం ముందు నిలబెట్టి చూడండి: ఉద్యోగ నియామకాలపై అపోహలు, వాస్తవాలు

టిఫిన్ సెంటర్ యజమాని కొత్త దోసె మాస్టర్ని పెట్టుకునేటప్పుడు సర్టిఫికెట్లు అడగడు. పెనం ముందు నిలబెడతాడు. పిండి ఎంత పలచగా తిప్పుతున్నాడు, రద్దీలో ఆరు దోసెలు మాడకుండా తీయగలుగుతున్నాడా అన్నది అరగంటలో తేలిపోతుంది. ఆటోనగర్‌లో లేత్ మీద పనిచేసే టర్నర్‌కీ ఇదే పద్ధతి. గల్ఫ్ వెళ్ళే వెల్డర్లు దీన్నే ట్రేడ్ టెస్ట్ అంటారు. అదే వీధిలో అకౌంటెంట్ కావాల్సి వస్తే మాత్రం "మీదే ఊరు? నాన్నగారేం చేస్తారు? ఐదేళ్ళ తర్వాత ఎక్కడుండాలనుకుంటున్నారు?" అని అడిగి, పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ పది నిమిషాల్లో ఎక్కువగా నష్టపోయేది ఇంగ్లీషు తడబడే పిల్లలు, కొత్తవాళ్ళ ఎదుట గొంతు పెగలని పిల్లలు. వాళ్ళకు పని రాదని కాదు, చేసి చూపించమని ఎవరూ అడగలేదంతే. నియామకాల గురించి మనలో పాతుకుపోయిన అపోహలన్నిటి భారమూ చివరికి వీళ్ళ మీదే పడుతోంది.

అపోహ: అనుభవమున్న యజమాని మనిషిని చూడగానే అంచనా కట్టేస్తాడు.

వాస్తవం: ఆ అంచనా తప్పే సందర్భాలు చాలా ఎక్కువ. దీని మీద వందేళ్ళకు పైగా పరిశోధన జరిగింది. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ళ అధ్యయనాలను క్రోడీకరించి, ఏ ఎంపిక పద్ధతి రేపటి పనితీరును ఎంతవరకు పసిగడుతుందో 1998లో లెక్కగట్టారు. సున్నా వస్తే చీటీలు వేసి ఎంచుకున్నట్టు, ఒకటి వస్తే గురి తప్పనట్టు. అప్పటికప్పుడు తోచిన ప్రశ్నలు అడిగే ఇంటర్వ్యూకు 0.38 వచ్చింది. ప్రశ్నలు ముందే రాసుకుని అందరినీ అవే అడిగితే 0.51. పని చేయించి చూస్తే 0.54. చేతిరాతను బట్టి స్వభావం చెప్పే విద్యకు వచ్చింది 0.02.

2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ శాకెట్ బృందం ఆ పాత లెక్కల్లో ఒక సవరణ అంకెలను ఉన్నదానికన్నా పెంచి చూపిస్తోందని గుర్తించి, మళ్ళీ లెక్కించింది. చాలా అంకెలు తగ్గాయి. ప్రశ్నలు రాసుకున్న ఇంటర్వ్యూ 0.42తో మొదటి స్థానానికి వచ్చింది. తోచింది అడిగే ఇంటర్వ్యూ 0.19కి పడిపోయింది. మన దగ్గర చిన్నా పెద్దా సంస్థల్లో ఎక్కువగా జరిగేది ఈ రెండో రకమే.

ప్రశ్నలు రాసుకోవడానికి పెద్ద కంపెనీ అయి ఉండాల్సిన పనిలేదు. ఆ కుర్చీలో కూర్చునే మనిషి రోజూ ఏం చేయాలో ముందు కాగితం మీద పెట్టాలి. అందులోంచి ఐదారు ప్రశ్నలు తీయాలి. అకౌంటెంట్‌కైతే ఒక నెల కొనుగోలు బిల్లులూ, సరఫరాదారులు జీఎస్టీ కింద చూపిన బిల్లుల పట్టికా (జీఎస్టీఆర్-2బీ) చేతికిచ్చి తేడాలు పట్టుకోమనాలి. వచ్చిన ప్రతివారికీ అదే కట్ట, అదే సమయం. అడిగినవాళ్ళు ఎవరికి వారు మార్కులు వేసుకున్నాకే నోరు విప్పాలి. లేకపోతే పెద్దాయన "కుర్రాడు బాగున్నాడు" అనగానే మిగతావాళ్ళ మార్కులు ఆ మాట చుట్టూ సర్దుకుంటాయి. ఇక్కడో హెచ్చరిక. డెమో పేరుతో వారం రోజులు క్లాసులు చెప్పించుకుని, కబురు చేస్తామని పంపేయడం పరీక్ష కిందికి రాదు. అది జీతం ఎగ్గొట్టడం. పరీక్షకు గంటో రెండు గంటలో చాలు. అంతకు మించితే డబ్బు ఇవ్వాలి.

మనిషిని నాలుగు అక్షరాల రకాలుగా విడదీసే మైయర్స్-బ్రిగ్స్ పరీక్షను నియామకాలకు వాడొద్దని దాన్ని అమ్మే సంస్థే చెబుతోంది. మెదడుకు మేత లాంటి చిక్కు ప్రశ్నలు అడిగి అడిగి, అవి దేనికీ కొరగాలేదని 2013లో గూగుల్ మానవ వనరుల అధిపతి లాజ్లో బాక్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఆ రెండూ మన ఊళ్ళలో ఇంకా కొత్త విద్యల్లాగే చలామణీ అవుతున్నాయి.

అపోహ: ఎన్ని ఏళ్ళ అనుభవముంటే అంత మంచి పనివాడు.

వాస్తవం: పై లెక్కల్లో అనుభవపు సంవత్సరాలకు 1998లో వచ్చింది 0.18. 2022లో 0.07. ఒకే ఏడాది పనిని పదిసార్లు చేసినవారికీ, పదేళ్ళూ కొత్తది నేర్చుకున్నవారికీ రెజ్యూమెలో కనిపించేది ఒకే అంకె. ఏమేం చేశారో అడగండి.

అపోహ: ఖాళీ వచ్చాక మనిషిని వెతుక్కోవచ్చు.

వాస్తవం: నలభై మంది పనిచేసే బట్టల దుకాణం ఉందనుకుందాం. ఏడాదిలో నలుగురిలో ఒకరు మానేస్తారనుకుందాం. అంటే ఒక్క కొత్త కౌంటర్ తెరవకపోయినా, ఉన్నచోట ఉండటానికే ఆ యజమాని ఏటా పదిమందిని తీసుకోవాలి. అందులో కొందరు సరిగ్గా ఆషాఢం సేల్ ముందో, దసరా ముందో వెళ్ళిపోతారు. అప్పుడు తలుపు మీద "పనివాళ్ళు కావలెను" అని కాగితం అంటిస్తే, మొదట లోపలికి వచ్చిన మనిషే ఎంపికైనట్టు. తొందరలో చేరినవారు తొందరగా మానేస్తారు. మళ్ళీ అదే కాగితం.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో నోటీసు గడువు చాలాచోట్ల 90 రోజులు. ఈ రోజు ఆఫర్ ఇచ్చిన మనిషి మూడు నెలలకు గానీ రాడు. ఈలోగా ఇంకో ఆఫర్ వస్తే అసలే రాడు. అందుకే అనుభవమున్న మేనేజర్లు రాబోయే ఆరు నెలల్లో ఏ పని పెరుగుతుంది, ఎవరు పదవీ విరమణ చేస్తారు, ఎవరు ప్రసూతి సెలవుకు వెళ్తారు అన్నది ముందే రాసి పెట్టుకుంటారు. చివరి మాట కొందరికి మింగుడు పడదు. ప్రసూతి సెలవు వస్తుందని ఆడవాళ్ళను తీసుకోకపోవడమే ప్రణాళిక అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి చట్టబద్ధమైన హక్కు. ఎప్పుడు వస్తుందో నెలల ముందే తెలిసే సెలవుకు కూడా ఏర్పాటు చేసుకోలేని సంస్థ, చెప్పకుండా వచ్చే రాజీనామాకు ఏం చేయగలదు?

ప్రకటన గురించి ఒక మాట. "చురుకైన యువతీయువకులు కావలెను, ఆకర్షణీయమైన జీతం" అన్న వాక్యంలో పని గురించి ఒక్క ముక్కా లేదు. జీతమెంత, ఎన్ని గంటలు, వారాంతపు సెలవు ఉందా అన్నవి రాస్తే దరఖాస్తులు తగ్గుతాయని భయం. తగ్గడమే మంచిది. సరిపడనివాళ్ళు ఛార్జీలు పెట్టుకుని రాకుండా ఉంటారు.

అపోహ: ప్రైవేటులో కులం, మతం చూడరు. ప్రతిభ ఒక్కటే కొలమానం.

వాస్తవం: ఇలా నమ్మేవాళ్ళలో చాలామంది నిజాయితీగానే నమ్ముతారు. అందుకే ఈ అపోహ మరీ ప్రమాదకరం. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్వెల్ అనే పరిశోధకులు దీన్ని పరీక్షకు పెట్టి, 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఫలితాలు ప్రచురించారు. ఇంగ్లీషు దినపత్రికల్లో ప్రైవేటు కంపెనీలు వేసిన 548 ప్రకటనలకు, 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువూ అనుభవమూ సమానం. తేడా పేరులోనే. అగ్రకులాన్ని సూచించే ఇంటిపేరుతో పోలిస్తే, దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు. ఇంటర్వ్యూ గది దాకా రాకముందే, మనిషి ముఖం చూడకముందే జరిగిన వడపోత ఇది.

"మనకు తెలిసినవాళ్ళయితే నమ్మకం" అనే మాట ఈ వడపోతకు దొడ్డిదారి. సిఫారసు మీద వచ్చేవారందరూ పనికిరానివారని నేననను. పని ఎలా ఉంటుందో లోపలివాళ్ళ ద్వారా తెలుసుకుని వస్తారు గనుక నిలబడేవారూ ఉంటారు. కానీ మన బంధువులు, మన ఊరివాళ్ళు, మన కాలేజీవాళ్ళు మాత్రమే తెచ్చేవారిని తీసుకుంటూపోతే పదేళ్ళకు ఆఫీసు మొత్తం ఒక పెళ్ళిపందిరిలా తయారవుతుంది. సిఫారసుతో వచ్చినవారికీ అదే బిల్లుల కట్ట, అదే గంట ఇవ్వండి. దరఖాస్తుల వడపోత చేసేవారికి పేరు, ఊరు, ఫొటో కనిపించకుండా ఉంచండి. దీనికి ఖర్చేమీ లేదు.

అపోహ: మంచి ఉద్యోగం కావాలంటే ముందు కొంత కట్టాలి.

వాస్తవం: మనిషిని వెతికిపెట్టినందుకు కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది కంపెనీ. సాధారణంగా అది ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అభ్యర్థి దగ్గర "రిఫండబుల్ డిపాజిట్", "ల్యాప్‌టాప్ ఛార్జీ", "బ్యాక్‌డోర్ ఫీజు" అడిగినవారు ఉద్యోగాన్ని కాకుండా ఆశను అమ్ముతున్నారు. పొలం తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చిన తండ్రులున్నారు.

విదేశీ కొలువులకైతే చట్టమే ఉంది. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటే మనుషుల్ని పంపాలి. తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు నంబరు అసలుదో కాదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 2024లో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా కేసులో, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్ళిన మన పిల్లల చేత సైబర్ మోసాలు చేయించారు. వాళ్ళు కూడా ఏజెంట్లకు డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళే.

అపోహ: బాండ్ రాశాక కదలడానికి వీల్లేదు. (దీనికి కవల: బాండ్ ఒట్టి చిత్తు కాగితం.)

వాస్తవం: రెండూ సగం సగమే. మానేశాక పోటీ సంస్థలో చేరకూడదనే షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. ఉద్యోగంలో ఇంతకాలం ఉండాలనే షరతు మాత్రం వేరు. మూడేళ్ళు నిండకుండా మానేస్తే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు నిబంధనను 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని కాగితం మీద ఎంత రాస్తే అంత వసూలవుతుందని కాదు. పరిహారం సమంజసంగా ఉండాలని అదే చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. సంతకం చేసేముందు మొత్తమెంతో, గడువెంతో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగివ్వకుండా దగ్గర పెట్టుకుంటామనే చోట చేరకపోవడం మేలు.

అపోహ: ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకే జీతం.

వాస్తవం: ఆ అంకె పేరు సీటీసీ, అంటే మీ మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. అందులో కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ ఉంటుంది. గ్రాట్యుటీ కింద మూల వేతనంలో 4.81 శాతం లెక్కవేస్తారు. పనితీరు బాగుంటేనే వచ్చే బోనస్‌ను కూడా కలుపుతారు. చేతికెంత వస్తుందో నెలవారీగా రాసివ్వమని చేరకముందే అడగాలి. అడిగితే ఆఫర్ పోతుందేమోనన్న భయంతో మన పిల్లలు ఊరుకుంటున్నారు.

చిన్న సంస్థకు ఇవేవీ వర్తించవనుకోవడమూ పొరపాటే. పదిమంది ఉంటే ఈఎస్ఐ (నెల జీతం 21,000 వరకు ఉన్నవారికి), ఇరవై మంది ఉంటే పీఎఫ్. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రం రాతపూర్వకంగా ఇవ్వాలంటున్నాయి. గడువు ఒప్పందం మీద చేరినవారికి ఐదేళ్ళ బదులు ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ లెక్కకు వస్తుంది. నియామక పత్రంలో హోదా, జీతం, చేరిన తేదీ ఉన్నాయో లేదో చూసుకుని ఒక నకలు ఇంట్లో దాచుకోండి. పీఎఫ్ కోత మొదలైన రెండో నెలలో ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిచి పాస్‌బుక్ చూడండి. మీ వాటా పక్కనే కంపెనీ వాటా కూడా జమైందో లేదో అక్కడ కనిపిస్తుంది.