విద్వాంసుని జీవిక

సంగీతము కూడు పెట్టునా యని తల్లిదండ్రులు సందేహించుట నేటి మాట కాదు. ఆ సందేహము నిరాధారమైనదియు కాదు. పూర్వము విద్వాంసుడు ఒక ప్రభువు నాశ్రయించి బ్రదుకుచుండెను. ప్రభువు రసికుడైనచో సన్మానములు, ఈనాములు. ఆయన కోపించినను, గతించినను విద్వాంసుని కుటుంబమునకు దిక్కు లేకుండెడిది. అది ఒంటిస్తంభపు మేడ.

ఈ స్థితి మారుటకు ఆంధ్రదేశమున తోడ్పడిన వానిలో విజయనగరము సంగీత కళాశాల ముఖ్యమైనది. 1919లో మహారాజు విజయరామ గజపతి దానిని స్థాపించిరి. హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ధనము ప్రభువుదే యైనను పద్ధతి వేరు. సభలో ఈనాము కొరకు ఎదురుచూచుటకు అలవాటుపడిన విద్వాంసునికి పాఠము చెప్పినందుకు నెలజీతము ముట్టసాగెను.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడికి వచ్చిన కథ ప్రసిద్ధము. ఆయన 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందమగుటచే బడిచదువు సాగలేదు. అన్నగారైన వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు చేతికిచ్చి, తామే గురువులైరి. కళాశాలలో విద్యార్థిగా చేరగోరి వెళ్లిన ఆయన వాద్యమును విని, పెద్దలు ఆచార్యపదవినే యిచ్చిరని చెప్పుదురు. 1936లో ఆయన అధ్యక్షులైరి.

ఆనాడు ఫిడేలు ప్రధానముగా ప్రక్కవాద్యము. గాయకుడు రాగమాలపించుచుండగా నీడవలె అనుసరింపవలెను. అతడు విరామమిచ్చినపుడు తాను కొంత పలికించి, మరల ఒదిగియుండవలెను. ఇది చిన్నపని యని తలచువారు కలరు గాని, చక్కగా చేయగలవానికి కచేరీలకు కొదువ యుండదు. ఏలయన ప్రతి గాయకునికిని అతడు కావలసినవాడే. నాయుడుగారికి జీతము ఇంటిని నిలిపెను, ప్రక్కవాద్యము పేరు తెచ్చెను. ఆ పేరు మీద 1938లో వేలూరున తొలి ఏకవాద్య కచేరీ చేసిరి. అప్పటికి ఆయనకు నలువది దాటినవి! తొందరపడు బాలురు ఈ లెక్కను గమనింపవలెను. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదమును, 1957లో పద్మశ్రీయు లభించెను.

ఆ కళాశాలలోనే చదివిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు మరియొక త్రోవన నడచిరి. 1922లో జన్మించిన ఆయన విజయనగరమున మధుకరము చేసి, అనగా ఇంటింట అన్నము యాచించి తెచ్చుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ శిష్యరికము చేసిరి. చదువు ముగిసినంతనే పల్లకి రాలేదు. పెండ్లిపందిళ్లలో కచేరీలు, నాటకములు, 1942 ఉద్యమమున కారాగారము. పిదప మద్రాసున బృందగానములో గొంతు కలుపుట, చిన్న వేషములు, రేడియో పాటలు. ఈ చిల్లరపనులన్నిటి మీదుగా నడచి, 1945లో స్వర్గసీమ చిత్రమున నేపథ్యగాయకులైరి. 1949 నాటికి సంగీతదర్శకులుగా పేరొందిరి.

నేటి విద్వాంసునికి ద్వారములు మరికొన్ని తెరచుకొన్నవి. ఆకాశవాణి వారు స్వరపరీక్ష జరిపి కళాకారులను బి, బి-హై, ఏ, ఏ-టాప్ అను శ్రేణులుగా ఏర్పరతురు. పారితోషికము శ్రేణిని బట్టి యుండును. ఆ శ్రేణి బయటి కచేరీలు కుదుర్చుకొనునపుడు యోగ్యతాపత్రము వలె ఉపకరించును.

ఐనను సంగీతపు రాబడి చెరువునీటి వంటిది. ఒకప్పుడు నిండును, ఒకప్పుడు ఎండును. శ్రీరామనవమి పందిళ్లు, దేవీనవరాత్రులు, మాఘమాసపు పెండ్లిండ్లు నిండుదినములు. అప్పటి సొమ్మంతయు అప్పుడే వెచ్చించినవాడు పిదప చేబదులు కొరకు తిరుగును. తెలిసినవాడు కొంత దాచును, వాద్యము మరమ్మతునకు కొంత తీసిపెట్టును, ఎవరికి ఏ తేదీన మాట యిచ్చెనో వ్రాసికొనును. ఉదయపు సాధకము మాత్రము కచేరీ యున్నను లేకున్నను మానడు. కచేరీ కుదిరిన పిదప సాధకము మొదలిడువానిని, వేదికపై వ్రేళ్లు తడబడి పట్టియిచ్చును.

ఆషాఢమున ముహూర్తములుండవు. సన్నాయి సంచిలోనే యుండును, డోలు మూలనుండును. ఆ నెలలో అనేకుల యింట పొయ్యి వెలిగించునవి, తెల్లవారుజామున అరుగుమీద కూర్చుండి సరళీస్వరములు నేర్చుకొను చిన్నపిల్లలు తెచ్చియిచ్చు రూపాయలే.