కనబడేదంత తెలుగు గాదు

పిడిఎఫ్‌ల తెలుగు మంచిగనే కనబడతది. వేలుతోని ఒత్తిపట్టి, కాపీ కొట్టి, వాట్సాప్‌ల పేస్ట్ చేసినమనుకో, ఇంగ్లీష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకిందులైన ప్రశ్న గుర్తులు అన్ని కలిసి కిచిడీ అయి పడతది. ఉద్యోగాల నోటిఫికేషన్ల కాడ, సంఘాల కరపత్రాల కాడ, పాత పాటల పుస్తకాల కాడ ఇదే తిప్పల. "ఫైల్ ఖరాబైంది" అని ఒకలు, "వైరస్ పడ్డది" అని ఒకలు, "నీ ఫోన్ పాతది" అని ఇంకొకలు తలా ఒక మాట అంటరు. ఫైల్ ఖరాబు కాలే, వైరస్ లేదు, ఫోన్ తప్పు అసలే లేదు. ముచ్చటేందంటే ఆ ఫైల్ల తెలుగే లేదు. తెలుగు లెక్క కనబడే బొమ్మలున్నయి, అంతే.

మా మండలంల డిటిపి సెంటర్లు నడిపే అన్నలకు, ఫోన్ల టైపు కొట్టే పోరగాండ్లకు నడుమ దీని మీద ఎప్పటికి లొల్లే. అన్నలేమో "అను ఫాంట్లకే అందం, యూనికోడ్ ప్రింటుకు పనికిరాదు" అంటరు. పోరగాండ్లు "ఇంకా ఏ కాలంల ఉన్నరే మీరు" అని నవ్వుతరు. ఇద్దరి మాటల్ల ఎంతో కొంత నిజమున్నది. గని అందం మీద ఎంత కొట్లాడినా తేలేదేం లేదు. ఇయ్యాల మనం రాసిన మాట పదేండ్ల తర్వాత వెతికితే దొరుకుతదా లేదా అన్నదాని మీద కొట్లాడితే ఏమన్న ఫాయిదా ఉంటది.

కంప్యూటర్‌కు అక్షరాలు తెల్వయి. దానికి ఎరుకైనయి అంకెలే. 1963ల అమెరికాల ఆస్కి అని ఒక లెక్క పెట్టుకున్నరు. 128 నంబర్లు, ఒక్కో నంబరుకు ఒక్కో గుర్తు. ఇంగ్లీష్ పెద్ద 'ఏ'కు 65, పెద్ద 'బి'కి 66, అట్ల. ఫాంటు అంటే బొమ్మల పెట్టె. 65 అని వస్తే ఏ బొమ్మ గీయాలె, 66 అని వస్తే ఏ బొమ్మ గీయాలె అన్నది ఆ పెట్టెల ఉంటది.

తెలుగును కంప్యూటర్ల ఎక్కించాలనుకున్నోళ్లు 1990లల్ల ఏం జేసిన్రంటే, ఆ పెట్టెలకెళ్లి ఇంగ్లీష్ బొమ్మలు తీసేసి, వాటి జాగల మన తలకట్లు, కొమ్ములు, గుడులు, వత్తులు పెట్టిన్రు. 65 నంబరు ఒత్తితే తెరమీద తెలుగు ముక్క పడతది. మన కండ్లకు తెలుగే. మిషన్‌కు మాత్రం అది ఇప్పటికి ఇంగ్లీష్ 'ఏ' అక్షరమే. చిందు భాగోతంల వేషం కట్టినట్టన్నమాట. ఆ ఫాంటు ఉన్నంతసేపు వేషం ఉంటది. ఫాంటు లేని ఫోన్లకు పోంగనే కిరీటం, భుజకీర్తులు ఊడిపోయి లోపలి మనిషి బయటపడతడు. ఇంకో తిప్పలేందంటే, ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగ ముక్కలు సర్దుకున్నది. ఒకల ఫాంటుల కొట్టింది ఇంకొకల ఫాంటుల తెరిస్తే అది ఇంగ్లీషూ గాదు, తెలుగూ గాదు.

అట్లని ఆ పని చేసినోళ్లను తప్పు పట్టను. అప్పుడు వేరే తొవ్వ లేకుండె. ఆ ఫాంట్లు లేకపోతే ఊర్లల్ల పెండ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, పాటల పుస్తకాలు అంత సస్తాగ అచ్చయ్యేటియే గాదు. తెలంగాణ ఉద్యమం నడిచినప్పుడు ఊరూరికి పంచిన కరపత్రాలు మస్తు మట్టుకు గీ డిటిపి సెంటర్లల్లనే కొట్టిన్రు. రాత్రంత కూసొని టైపు చేసి, తెల్లారేసరికి ప్రింటు తీసి ఇచ్చిన అన్నలు ప్రతి మండలంల ఉన్నరు.

ఇగ యూనికోడ్ సంగతి. లోకంల ఉన్న అన్ని లిపులకు ఎవ్వల నంబర్లు వాళ్లకే ఇయ్యాలని 1991ల ఇది మొదలైంది. మొదటి సారికే తెలుగు అండ్ల ఉన్నది. మనకు 3072 నుంచి 3199 దాంక 128 జాగలిచ్చిన్రు. మన దేశంలనే అంతకుముందు తయారైన ఇస్కి అనే లెక్కల అక్షరాలు ఏ వరుసల ఉన్నయో, దాన్ని చూసే ఆ జాగలు సర్దిన్రు. 'క' అంటే 3093. నల్లగొండ ఫోన్ల అదే నంబరు, డల్లాస్‌ల ఉన్న మనోళ్ల లాప్‌టాప్‌ల అదే నంబరు. 3093ను ఇంకెవ్వలు వాడుకోరాదు.

'బతుకమ్మ' అని కొట్టినమనుకో. మిషన్‌లకు పోయేటియి ఏడు నంబర్లు: బ, త, కొమ్ము, క, మ, పొల్లు, మళ్ల మ. పొల్లు నడుమకొస్తే రెండో 'మ'ను వత్తుగ కిందికి దించాలని మిషన్‌కు తెలుసు. ఫాంటు పని ఉత్త అంగీ తొడుగుడే. అంగీ మార్చినా మనిషి మారడు. గందుకే వెతికితే దొరుకుతది, కాపీ కొడితే తెలుగే వస్తది, మిషన్ సదివితే 'బతుకమ్మ' అనే సదువుతది.

2001ల వచ్చిన విండోస్ ఎక్స్‌పిల గౌతమి అనే ఫాంటుతోని ఇది మామూలు కంప్యూటర్లకు వచ్చింది. 2003 డిసెంబర్ల తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లీష్ కీలతోని తెలుగు కొట్టే లేఖిని లాంటియి తర్వాత వచ్చినయి. అప్పట్ల పత్రికల వెబ్‌సైట్లు సదవాలంటే ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంటు దింపుకోవాలె. ఆ రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌లకు మార్చేటందుకు ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అని ఒక పనిముట్టు సుత తయారు చేసిన్రు. ఇయ్యన్ని చేసినోళ్లల్ల శానమంది పైసలు తీసుకోకుంట చేసినోళ్లే.

యూనికోడ్‌ను మిషన్లు ఎప్పుడూ సక్కగనే గీస్తయని నేను చెప్పను. 2018 ఫిబ్రవరి యాదికున్నదా? ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌ల పంపితే ఐఫోన్లు బిగుసుకపోయినయి. 'జ్ఞా' అన్న అక్షరమే. జ, పొల్లు, ఞ, దాని ఎంబడి కంటికి కనబడని ఒక గుర్తు, తర్వాత దీర్ఘం. గీ వరుసల వస్తే దాన్ని ఎట్ల గీయాల్నో ఐఓఎస్ 11.2.5కు తెల్వక మెసేజ్‌ల యాప్ ఆగిపోతుండె. మనోళ్లు "మా తెలుగు దెబ్బకు లక్ష రూపాయల ఫోన్ పడిపోయింది" అని మీమ్‌లు కొట్టిన్రు. నేను సుత నవ్విన. గని ఆలోచిస్తే అది గర్వపడే ముచ్చట గాదు. కోట్ల మంది రాసే లిపిని అంత పెద్ద కంపెనీ సరిగ పరీక్ష పెట్టి చూడలే. లోకమంత పేపర్లల్ల వచ్చినంక ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరి చేసిన్రు. మన అక్షరాలు వాడేటోళ్లు ఎక్కువై, లొల్లి ఎక్కువైతేనే గిసుంటియి తొందరగ బయటపడతయి.

డిటిపి అన్నల దిక్కు నిజం ఏందంటే, వాళ్లు ఏండ్లకేండ్లు వాడిన పేజ్‌మేకర్‌కు యూనికోడే తెల్వది. అండ్ల తెలుగు కొట్టాలంటే పాత ఫాంట్లే దిక్కు. కొత్తగ వచ్చిన ఇన్‌డిజైన్‌ల, ఫోటోషాప్‌ల యూనికోడ్ తెలుగు నడుస్తది గని, వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోకపోతే వత్తులు ఎటోటు పోతయి. ఒక్కసారి అట్లయింది చూసినోడు "ఇగ ఇది మనతోని కాదు" అని పాత దిక్కే పోతడు. ఫ్లెక్సీ కోసం వచ్చినోడు పది నిమిషాలల్ల గావాలంటడు. కొత్త సాఫ్ట్‌వేర్‌కు నెల నెల పైసలు కట్టాలె. గివి నవ్వులాటకు కొట్టేసే మాటలు గావు. ఫాంట్లు లేవన్న మాట మాత్రం ఇప్పుడు నడువది. మండలి, రామభద్ర, గిడుగు, పెద్దన, సురవరం అని రకరకాల తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల పైస ఖర్చు లేకుండ దొరుకుతయి.

నాకు ఈ ముచ్చట మీద గింత పట్టు ఎందుకొచ్చిందంటే, నా దోస్తు ఒకడు పుట్టుగుడ్డి. గ్రూప్స్‌కు సదువుతడు. వాని ఫోన్ తెరమీదున్నదాన్ని పైకి సదివి వినిపిస్తది. యూనికోడ్‌ల ఉన్న వార్త పెడితే గంటల తరబడి వింటడు. పాత ఫాంటుల కొట్టిన తెలుగు మెటీరియల్ పెడితే ఆ ఫోన్ ఏం సదువుతదో తెలుసా? "క్యూ, డాలర్, టి, వి" అని వరుసగ ఇంగ్లీష్ అక్షరాలు. మెటీరియల్ మనకు వచ్చిన తెల్లారే వానికీ వస్తది, సదవరాదు. ఫోటో తీసి పెట్టిన పేజీ అయితే అది సుత రాదు. గుంజుకొని సదివే యాప్‌లు ఉన్నయి గని, ఒక్కో పేజీకి వాడు పడే తిప్పలు చూస్తే పాణం కలకల అంటది.

ఇంకోటి. మా ఊరి ముసలమ్మల కాడ నాటు పాటలు, ఉయ్యాల పాటలు రాసుకొని 2006ల ఒక సారు డిటిపి చేయించిండు. వంద కాపీలు వేసిన్రు. పాడినోళ్లల్ల ఇప్పుడు ఒక్కరు సుత లేరు. పుస్తకాలు చెదలు పట్టినయి. ఫైల్ మాత్రం సీడీల బతికున్నది. తెరిస్తే మొత్తం ఇంగ్లీష్ గిజిబిజి. పాట అండ్లనే ఉన్నది, దాని వేషం ఏ పెట్టెలదో ఎవ్వలకు యాదికి లేదు.

గిసుంటి ఫైళ్లు ఎన్నో ఉండుడు మన యాస మీద సుత పడతది. నేను ఫోన్ల 'అచ్చిండు' అని కొడితే కీబోర్డు 'వచ్చాడు' అని సలహా ఇస్తది. 'సుత' అంటే కింద ఎర్రగీత. అది మన యాస మీద పగబట్టి కాదు. కీబోర్డు గానీ, ఇప్పుడు అందరు మాట్లాడే ఏఐ గానీ, నెట్ల దొరికిన రాత చూసి నేర్చుకుంటది. నెట్ల యూనికోడ్‌ల ఉన్న తెలుగుల ఎక్కువ మట్టుకు పత్రికల భాషనే. మన యాసల రాసిన పాటలు, కతలు, కరపత్రాలు శానమట్టుకు పాత ఫాంటు ఫైళ్లల్ల, ఫోటోలల్ల ఉన్నయి. మిషన్ లెక్కల అవి లేనట్టే. 'ౘ', 'ౙ' అని మన నోట్లె 'చాట', 'జాగ' అన్నప్పుడు పలికే దంత్య అక్షరాలకు యూనికోడ్‌ల 2008ల జాగ ఇచ్చిన్రు. జాగ ఇస్తే సరిపోదు, అండ్ల కూసునేటోళ్లు గావాలె.

తెలంగాణల కవులే లేరని ఎవ్వలో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను అచ్చేసి చూపెట్టిండు. వాదం పెట్టుకోలే, పేర్లు పెట్టిండు. పైన చెప్పిన ఫాంట్లల్ల సురవరం అన్నది ఆయన పేరే. ఎర్రగీత పెట్టే కీబోర్డుకు సుత గట్లనే జవాబియ్యాలె అంటా నేను. తిట్టుకుంట కూసుంటే అది నేర్చుకోదు.

మరి తెలుగును ఇంగ్లీష్ అక్షరాలల్ల కొట్టుడు సంగతి? పెద్దోళ్లు దీన్ని సోమరితనం అంటరు. నేనట్ల అనను. ఎస్ఎంఎస్‌ల కాలంల ఇంగ్లీష్ అక్షరాలైతే ఒక మెసేజ్‌ల 160 పట్టేటియి, తెలుగుల కొడితే 70కే అయిపోయేది. అది సుత 70 అక్షరాలు గాదు, 70 నంబర్లు, అంటే 'బతుకమ్మ' ఒక్క మాటకే ఏడు పోయినయి. పైసలు ఎవ్వలకు ఊరికె వస్తయి? ఇప్పుడు మెసేజ్ లెక్క లేదు గని అలవాటు ఉండిపోయింది. దోస్తుతోని ముచ్చట పెట్టేటప్పుడు ఎట్ల కొట్టినా నడుస్తది. ఊరి చరిత్ర, పాట, రైతు అనుభవం రాసేటప్పుడు అట్ల కొడితే మాత్రం ఒకే మాటను పది మంది పది తీర్ల రాస్తరు, ఎవ్వలు వెతికినా దొరకది.

మీ కాడున్న ఫైల్ ఏదో తెల్సుకునుడు అలకనే. వర్డ్ ఫైల్ అయితే నాలుగు మాటలు సెలెక్ట్ చేసి ఫాంటును ఏరియల్‌కు మార్చి చూడున్రి. తెలుగే ఉంటే యూనికోడ్, ఇంగ్లీష్ గిజిబిజి అయితే పాత ఫాంటు. పాత ఫాంటు రాతను మార్చే కన్వర్టర్లు నెట్ల ఊరికెనే దొరుకుతయి, ఏ ఫాంటో తెలిస్తే పని అయితది. తెల్వకుంటే అచ్చు పేజీని గూగుల్ లెన్స్‌తోని పట్టి రాతను గుంజవచ్చు. దేంతోని చేసినా వత్తుల కాడ, 'ప', 'వ' కాడ తప్పులొస్తయి, మనిషి కూసొని సరిచూడాలె. డిటిపి సెంటర్‌కు పోయినప్పుడు అన్నతోని కొట్లాడకున్రి. "అన్నా, ప్రింటు నీ ఇష్టమున్నట్టు చెయ్యి, గదే రాతను యూనికోడ్‌ల సుత ఒక ఫైల్ ఇయ్యి" అని అడుగున్రి. ఇరవై రూపాయలు ఎక్కువ అడిగినా ఇయ్యున్రి.

మా ఊరి పాటల పుస్తకం చెదలు పట్టని కాపీ ఒకటి ఒకలింట్ల దొరికింది. పేజీ పేజీ ఫోటో తీసి, రాత గుంజి, మేం నలుగురం పంచుకొని సరిచూస్తున్నం. కొన్ని మాటలు మాకే తెల్వవు, పక్కూర్లె ఒక అవ్వను అడిగి రాసుకొస్తున్నం. ఇంకా పదకొండు పేజీలున్నయి.