కంప్యూటర్ ఆటలు విండోలో: తెర స్వభావం, పరిశోధకుని జాగ్రత్తలు

వ్యాససంగ్రహం

కంప్యూటర్ ఆటలను ఆకరాలుగా స్వీకరించే పరిశోధకులు ఆటను ఆడుతూనే పరిశీలనాంశాలను నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఆట తెరనంతటినీ ఆక్రమించినప్పుడు ఇది కష్టసాధ్యం. ఆటను విండోలో నడపడం ఇందుకు పరిష్కారమే అయినా, ఆ మార్పు వల్ల బొమ్మ నిష్పత్తి, రంగులు, ప్రతిస్పందన కాలం మారే అవకాశం ఉంది. ఈ మార్పులకు కారణాలను డాస్ కాలం నుంచి నేటి విండోస్ వరకు పరిశీలించి, ఆటను ఆకరంగా ఉదాహరించేటప్పుడు వహించవలసిన జాగ్రత్తలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కంప్యూటర్ ఆటలు, పూర్తితెర, విండో, డాస్‌బాక్స్, పిక్సెల్ నిష్పత్తి, ఆకరాలు.

1. ప్రవేశిక

తాళపత్ర ప్రతిని పరిష్కరించే పండితుడు ప్రతిని ఒక పక్క, తన రాతపుస్తకాన్ని మరొక పక్క పెట్టుకొని కూర్చుంటాడు. రెండింటి మధ్య చూపు తిరుగుతూ ఉండడమే ఆ పనిలోని ప్రాథమిక సౌకర్యం. కంప్యూటర్ ఆటను అధ్యయనం చేసేవారికి ఈ సౌకర్యం దానంతట అది లభించదు. ఆట మొదలుకాగానే తెరంతా దానిదే అవుతుంది. రాసుకునే పుటకు చోటుండదు.

కొన్నేళ్ల క్రితం తరగతిలో ఒక పాత ఆటను చూపబోయాను. ఆట మొదలుకాగానే ప్రొజెక్టరు తెర నల్లబడి, సిగ్నల్ లేదన్న సందేశం కనిపించింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆట నడుస్తూనే ఉంది. ఆట తనకు కావలసిన తక్కువ రిజల్యూషన్‌కు తెరను మార్చుకున్నది; ఆ సంకేతాన్ని ప్రొజెక్టరు గ్రహించలేకపోయింది. పావుగంట వృథా అయింది. తరువాత అదే ఆటను విండోలో నడిపితే ఏ ఇబ్బందీ రాలేదు. కాని తెరమీది మనిషి కాస్త బొద్దుగా కనిపించాడు. ఆ బొద్దుతనం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. డాస్ కాలం: తెర మొత్తం ఆటదే

ఆటలు తెరనంతా ఆక్రమించడం రూపకర్తల అభిరుచి వల్ల మాత్రమే జరిగింది కాదు. డాస్ ఒక సమయంలో ఒకే ప్రోగ్రామును నడిపే వ్యవస్థ. పంచుకోవడానికి మరొకరు లేనప్పుడు తెరను విభజించవలసిన అవసరమే లేదు. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ ప్రమాణంలో ఆటల రచయితలు ఎక్కువగా వాడుకున్న పద్ధతి అడ్డంగా 320, నిలువుగా 200 పిక్సెళ్లు గలది. ఒక్కో పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున 256 రంగులు. మొత్తం 64,000 బైట్లు. నాటి ప్రాసెసర్లు ఒక ఖండంగా అందుకోగల 65,536 బైట్ల పరిమితిలో ఇది సరిగ్గా ఇమిడిపోతుంది. అందువల్ల ఆట నేరుగా వీడియో మెమరీలోకి రాసేది. మధ్యవర్తి ఎవరూ లేరు.

విండోస్‌తో పాటే వచ్చిన ఆటల సంగతి వేరు. 1990లో విండోస్ 3.0తో వచ్చిన సాలిటేర్, 1992లో విండోస్ 3.1తో చేరిన మైన్‌స్వీపర్ పుట్టుకతోనే విండోలో ఆడేవి. కార్యాలయాల్లో పని ఫైలు పక్కనే పేకముక్కలు పరచుకునే అలవాటుకు అవి కారణమయ్యాయన్నది వేరే వ్యాసానికి తగిన విషయం.

3. విండోస్: పంపకం, మధ్యవర్తి

1995లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ ఆటల రచయితలకు రెండు మార్గాలు చూపింది. మొదటిది తెరపై ఏకాధిపత్యం. అందులో ఆట తెర రిజల్యూషన్‌ను, రంగుల సంఖ్యను తానే నిర్ణయిస్తుంది. కొత్త చిత్రం సిద్ధం కాగానే వీడియో మెమరీలో చదవవలసిన స్థానాన్ని మార్చమంటే చాలు, చిత్రం తెరపైకి వస్తుంది. రెండవది విండో. ఇందులో ఆట తన చిత్రాన్ని ఇతర ప్రోగ్రాములతో పంచుకుంటున్న తెరపై తనకు కేటాయించిన భాగంలోకి నకలు చేయాలి. నాటి యంత్రాలకు ఆ నకలు భారమే. పూర్తితెర వేగవంతమన్న అభిప్రాయం ఇక్కడ పుట్టింది; ఆ కాలానికి అది నిజం కూడా.

ఏకాధిపత్యానికి మూల్యం ఉంది. ఆల్ట్, ట్యాబ్ మీటలు నొక్కి ఆట నుంచి బయటికి వస్తే, డైరెక్ట్3డీ తొమ్మిదవ రూపం వరకు, ఆట గ్రాఫిక్స్ పరికరంపై పట్టు కోల్పోయేది. తిరిగి వచ్చినప్పుడు వీడియో మెమరీలోని చిత్రాలను మళ్లీ నిర్మించుకోవాలి. ఆ ఏర్పాటు సరిగా లేని ఆటలు అక్కడే ఆగిపోయేవి. నోట్సు రాసుకోవడానికి బయటికి వచ్చిన పరిశోధకునికి గంటసేపటి ఆట పోవడం ఇందువల్లనే.

విండోస్ విస్టాతో తెరమీది విండోలన్నిటినీ కలిపి ఒకే చిత్రంగా కూర్చే మధ్యవర్తి వచ్చింది. విండోస్ 8 నుంచి దాన్ని ఆపివేసే వీలు లేకుండా పోయింది. ఈ కూర్పు వల్ల బొమ్మ మధ్యలో చీలినట్లు కనిపించే దోషం తగ్గింది కాని, మీట నొక్కడానికీ ఫలితం కనిపించడానికీ మధ్య కొంత ఆలస్యం చేరింది. సెకనుకు 60 చిత్రాలు చూపే తెరపై ఒక చిత్రం వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. కథనాన్ని పరిశీలించేవారికి ఇది లెక్కలోనిది కాదు. ఆటగాని నైపుణ్యాన్ని కొలిచేవారు మాత్రం విస్మరించరాదు. విండోస్ 10, 11లలో ఈ నకలును, ఆలస్యాన్ని తప్పించే ఏర్పాట్లు వచ్చాయి. అంచులు లేని విండోను తెర కొలతకు సాగదీసి పూర్తితెరలా చూపడం నేటి ఆటల్లో సర్వసాధారణం. కంటికి పూర్తితెర, వ్యవస్థ దృష్టిలో విండో.

4. బొద్దుతనం వెనుక గణితం

320, 200ల నిష్పత్తి 16:10. కాని నాటి మానిటర్ల నిష్పత్తి 4:3. అంటే ఆ తెరపై ఒక్కో పిక్సెల్ చతురస్రం కాదు. వెడల్పు కంటే ఎత్తు 1.2 రెట్లు. నేటి తెరల పిక్సెళ్లు చతురస్రాలు. ఆ ఆటను సవరణ లేకుండా విండోలో చూపితే ప్రతి ఆకారమూ 1.2 రెట్లు వెడల్పుగా కనిపిస్తుంది. నా తరగతిలో జరిగింది ఇదే. 1920, 1080 పిక్సెళ్ల తెర నిండా సాగదీస్తే ఇంకా అన్యాయం: మూడింట ఒక వంతు వెడల్పు అదనంగా చేరుతుంది. కాబట్టి విండో సత్యం, పూర్తితెర అసత్యం అని తేల్చడానికి వీల్లేదు. రెండూ తప్పు చూపగలవు.

ఇది సౌందర్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటనే చూడండి. 1989లో యాపిల్ 2 యంత్రానికి వచ్చిన ఈ ఆట మరుసటి ఏడాది డాస్‌కు చేరింది. రూపకర్త జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ చిత్రాల ఆధారంగా కథానాయకుని కదలికలను గీశాడు. ఆ సన్నని దేహం, చాచిన చేయి, అంచును పట్టుకొని వేలాడే భంగిమ ఒక నిజమైన శరీరం నుంచి వచ్చినవి. మూడో వంతు సాగిన చిత్రాన్ని చూసి ఆ దేహచిత్రణపై అభిప్రాయం చెప్పే వ్యాసకర్త ఆటను గురించి కాక, తన మానిటర్ అమరికను గురించి రాస్తున్నట్లే. అక్షరాలు చెదిరిన ముద్రణను చూసి కవి ఛందోదోషాలు ఎంచడం వంటిది ఇది.

2002 నుంచి లభిస్తున్న డాస్‌బాక్స్ ఈ సమస్యను చాలావరకు తీరుస్తుంది. ఇది నాటి కంప్యూటర్‌నే విండోలో అనుకరిస్తుంది. దీని అమరికల ఫైలులో యాస్పెక్ట్ అన్న వరుసను ట్రూ అని మారిస్తే 4:3 నిష్పత్తి తిరిగి వస్తుంది. 0.74 రూపంలో విండో కొలతను మాత్రమే మార్చి, అవుట్‌పుట్ వరుసను సర్ఫేస్‌గానే వదిలేస్తే ఆ కొలత అమలు కాదు. ఓపెన్‌జీఎల్ వంటిది ఎంచుకోవాలి. ఈ చిన్న విషయం తెలియక నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే పూర్తితెరకూ విండోకూ మధ్య మారవచ్చు. కంట్రోల్, ఎఫ్10 నొక్కితే ఆటలో చిక్కుకున్న మౌస్ విడుదలవుతుంది.

5. రంగులు, మీటలు

1990ల చివరి విండోస్ ఆటలు కొన్ని 256 రంగుల పట్టికపై ఆధారపడ్డాయి. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్, 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం అటువంటివి. విండోస్ 7 వంటి తరువాతి వ్యవస్థల్లో ఇతర ప్రోగ్రాములు ఆ పట్టికలో జోక్యం చేసుకోవడంతో నీరు, నేల వింత రంగుల్లోకి మారేవి. ఎక్స్‌ప్లోరర్‌ను పూర్తిగా ఆపివేసి ఆడడం నాటి ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం. విండోలో నడపడానికి డీఎక్స్‌విండ్ వంటి ఉపకరణాలు ఆటకూ వ్యవస్థకూ మధ్య నిలిచి, ఆట అడిగే తెర మార్పులను తామే స్వీకరిస్తాయి. ఆట తెరను ఏలుతున్నాననే అనుకుంటుంది.

తెలుగులో నోట్సు రాసుకునేవారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును తెలుగులో ఉంచి ఆట విండోలోకి తిరిగి వెళితే, మీట భౌతికస్థానాన్ని చదివే ఆటలు మామూలుగా నడుస్తాయి. మీటపై ఉత్పత్తి అయ్యే అక్షరాన్ని చదివేవి మాత్రం స్పందించవు. ఆట చెడిపోయిందని అనుకునే ముందు భాషను ఆంగ్లంలోకి మార్చి చూడాలి.

విండో కొందరికి సౌకర్యం కాదు, ప్రవేశద్వారం. తెరమీది కీబోర్డు, అక్షరాలను పెద్దవిగా చూపే భూతద్దం వంటివి ఏకాధిపత్య పూర్తితెరపై తరచు కనిపించవు. చేతివేళ్లు సరిగా కదలని విద్యార్థికి, చూపు మందగించిన అధ్యాపకునికి ఆట అందడం, అందకపోవడం ఈ ఒక్క అమరికపై ఆధారపడవచ్చు. ఆటలను పాఠ్యాంశంగా చేర్చేవారు ముందుగా దీనిని పరీక్షించుకోవాలి.

6. ఉదాహరించే పద్ధతి

పూర్తితెరలో ప్రింట్‌స్క్రీన్ మీటతో తీసిన చిత్రాలు పాత ఆటల విషయంలో నల్లగా రావడం పరిపాటి. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్5 నొక్కితే చిత్రం భద్రమవుతుంది. అయితే అది నిష్పత్తి సవరణ లేని మూలచిత్రం. వ్యాసంలో ముద్రించే ముందు 4:3కు మార్చుకోవాలి, మార్చినట్లు చెప్పాలి. ప్రతుల పరిష్కర్త పాఠభేదాలను అధస్సూచికలో చూపినట్లే, చిత్రం కింద ఆట పేరు, వెలువడిన సంవత్సరం, ఏ యంత్రానికి చేసిన రూపం, అనుకరణ ప్రోగ్రాము రూపసంఖ్య, విండో కొలత, నిష్పత్తి సవరణ వివరాలు ఉండాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 నుంచి వేల డాస్ ఆటలను బ్రౌజరులోనే అందిస్తున్నది. అక్కడ ఆడినవారు ఆ సంగతినీ, చూసిన తేదీనీ చేర్చాలి.