దీపస్తంభం నుంచి భుజం మీదికి

అడవిలో ఫొటోలు తీసేవాళ్లను పులి కంటే ముందు బరువు పలకరిస్తుంది. 500 మిల్లీమీటర్ల ఎఫ్/4 లెన్స్ ఒక్కటే మూడు కిలోల పైచిలుకు. కెమెరా, ట్రైపాడ్ దానికి అదనం. పిట్ట కనిపించేసరికి చేతులు వణుకుతుంటాయి.

ఇంత బరువు ఎందుకంటే, లెన్స్ నాభ్యంతరాన్ని (ఫోకల్ లెంత్) ఎఫ్ అంకెతో భాగిస్తే వెలుగు లోపలికొచ్చే ద్వారం వెడల్పు వస్తుంది. 500ను 4తో భాగిస్తే 125. అంటే ముందు గాజు కనీసం 125 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. వెడల్పుతోపాటు మందమూ పెరుగుతుంది కాబట్టి, అదే ఆకారంలో వెడల్పు రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది. పైగా గాజు నీలి కిరణాన్ని ఎక్కువగా, ఎర్ర కిరణాన్ని తక్కువగా వంచుతుంది. రంగులన్నీ ఒకేచోట కలవకపోతే కొంగ రెక్క అంచున ఊదారంగు చార కనిపిస్తుంది. దాన్ని సరిచేయడానికి ఇంకొన్ని గాజులు పెట్టాలి.

ఈ బరువును దించే ప్రయత్నాలు పాతవే. 1891లో ఇంగ్లండ్‌లో థామస్ డాల్‌మేయర్, జర్మనీలో అడాల్ఫ్ మీథె ముందు కుంభాకార కటకం, వెనక పుటాకార కటకం అమర్చి, గొట్టాన్ని నాభ్యంతరం కంటే పొట్టిగా చేశారు. టెలిఫోటో లెన్స్ అలా పుట్టింది. 1969లో క్యానన్ కృత్రిమ ఫ్లోరైట్ స్ఫటికంతో రంగుల తంటాను చాలావరకు తగ్గించింది. అసలు మలుపు మాత్రం 200 ఏళ్ల కిందటి ఫ్రెంచి ఇంజనీరు ఆగస్తిన్ ఫ్రెనెల్ ఆలోచనలోంచి వచ్చింది.

దీపస్తంభానికి పెద్ద కటకం కావాలి, కానీ అంత గాజును మోసేదెలా? ఫ్రెనెల్ మధ్యలోని మందాన్ని తీసేసి, వంపును మాత్రం వలయాలుగా మిగిల్చాడు. 1823లో ఫ్రాన్స్ తీరంలోని కోర్దువాన్ దీపస్తంభంలో అది వెలిగింది. అంతకు నాలుగేళ్ల ముందే, కాంతి అలలు అంచుల దగ్గర ఎలా వంగుతాయో గణితంతో చూపి ఫ్రెంచి సైన్స్ అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఆ వంగడమే వివర్తనం. 39 ఏళ్లకే చనిపోయిన ఆయన చేసిన ఈ రెండు పనులూ నేటి తేలిక లెన్స్‌లో ఒకచోట కలిశాయి.

వివర్తనంలో రంగుల వరస తిరగబడుతుంది: ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ వంగుతాయి. అతి సన్నని వలయాలు చెక్కిన ఒక్క పలకను మామూలు గాజుల మధ్య పెడితే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది, అదనపు గాజుల అవసరం తగ్గుతుంది. 2001లో క్యానన్ ఈ పద్ధతిలో 400 మిల్లీమీటర్ల ఎఫ్/4 లెన్స్ తెచ్చింది. 2015లో నికాన్ తెచ్చిన 300 మిల్లీమీటర్ల ఎఫ్/4 బరువు 755 గ్రాములే. అదే కొలతల పాత లెన్స్ దాదాపు 1,440 గ్రాములు తూగేది. అయితే పిట్ట వెనక సూర్యుడో, మెరిసే నీటి బిందువులో ఉంటే ఆ వలయాలు ఊరుకోవు. మెరుపుల చుట్టూ రంగురంగుల ఉంగరాలు పడతాయి.

బరువు దించే తక్కిన దారులూ ఏదో ఒకటి అడుగుతాయి. సెన్సర్‌ను చిన్నది చేస్తే, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాలో 300 మిల్లీమీటర్ల లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ మీది 600 అంత దగ్గరగా చూపిస్తుంది, కానీ మసక వెలుగులో బొమ్మలో నూగు (నాయిస్) తొందరగా కనిపిస్తుంది. ద్వారాన్ని చిన్నది చేస్తే, 2020లో వచ్చిన క్యానన్ 800 మిల్లీమీటర్ల ఎఫ్/11 లాగా 1,260 గ్రాములతో సరిపోతుంది, కానీ ఎఫ్/4తో పోలిస్తే వెలుగు ఎనిమిదో వంతే. షటర్ వేగం తగ్గకూడదంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, అంటే ఐఎస్ఓను, ఎనిమిదింతలు పెంచాలి. స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకును ఆపుతుంది, ఎగిరే రెక్కను ఆపలేదు.

కొల్లేరు గట్ల మీద ఎండలో గూడబాతుల వెంట నడిచేవారికి ఎఫ్/11 చాలు, భుజం కూడా మిగులుతుంది. నల్లమలలో పొద్దువాలాక చిరుత కోసం జీపులో కూర్చునేవారు బరువు మోయక్కర్లేదు కాబట్టి ఎఫ్/4 తీసుకోవడమే మేలు. మీ జంతువు ఏ వేళకు బయటికొస్తుందో, మీరు ఎంత దూరం నడవాలో ముందు చూసుకుని, ఆ తర్వాతే గ్రాములు లెక్కపెట్టండి.