మీకు తెలుసా? హంసలదీవి పేరు వెనక ఓ కాకి కథ ఉంది!

కృష్ణా జిల్లా కోడూరు మండలంలో, కృష్ణమ్మ బంగాళాఖాతంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు హంసలదీవి. ఆ పేరుకు అక్కడివారు చెప్పే కథ ఎంత చక్కనిదో! మునిగినవారందరి పాపాలూ మోసి మోసి గంగమ్మ నల్లబడిపోయిందట. విష్ణుమూర్తికి మొరపెట్టుకుంటే, కాకి రూపంలో పుణ్యతీర్థాలన్నిటా మునగమన్నాడు. ఎక్కడ హంసగా మారితే అక్కడ పాపం తీరినట్టు. కాకి హంసయిన చోటు ఈ సాగరసంగమమేనట.

పేరులోని ‘దీవి’ మాత్రం కథ కాదు, కళ్లెదుట కనిపించే నేల. పులిగడ్డ దగ్గర కృష్ణానది చీలుతుంది. ఆ పాయలకూ కడలికీ నడుమ, నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిందే దివిసీమ; హంసలదీవి ఉన్నది అందులోనే. 1977 నవంబరు 19న ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకున్నదీ ఈ సీమలోనే. ఇక్కడి ఊళ్ల గురించి రాస్తూ ఆ రోజును తలవకుండా ఉండలేం.

ఊళ్లో వేణుగోపాలస్వామి గుడి ప్రసిద్ధం. మాఘ పౌర్ణమికి సంగమ స్నానాల కోసం జనం వేలల్లో తరలివస్తారు.