బడిపిల్లల ఫిడేళ్ళ మేళం

పిల్లలూ! మీలో చాలామంది ఫిడేలు కచేరీ వినే ఉంటారు. మన విద్వాంసులు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలను కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తారు. పక్కన మృదంగం, వెనక తంబురా ఉంటాయి.

అలా ఒక్క ఫిడేలు విని ఆనందించటం మనకు అలవాటే. కాని ఇరవై ముప్ఫై ఫిడేళ్ళు ఒక్కసారిగా మోగితే? అందులోనూ కొన్ని ఒక పాటా, కొన్ని మరో పాటా వాయిస్తే? సంతగోలలాగా ఉంటుందని మీరు అనవచ్చు. అలాకాక, చెవికి ఇంపుగా ఉండేటట్టు కూర్చిన సంగీతం ఒకటి ఉన్నది. తమాషా ఏమిటంటే, అది గొప్ప విద్వాంసుల కోసం కూర్చింది కాదు. బడిలో చదువుకునే ఆడపిల్లల కోసం కూర్చింది. దాని కథ చెబుతాము, వినండి.

లండన్ నగరానికి పడమటివైపున హామర్‌స్మిత్ అనే పేట ఉన్నది. అక్కడ 1904లో సెయింట్ పాల్స్ బాలికల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడు గుస్తావ్ హోల్‌స్ట్ అనే ఆయన ఆ బడిలో సంగీతం మేష్టరుగా చేరాడు. 1934లో చనిపోయేదాకా ఆయన ఆ బడిని విడిచిపెట్టలేదు.

హోల్‌స్ట్ 1874లో పుట్టాడు. చిన్నతనంలో ఆయనకు ఉబ్బసం ఉండేది. చూపు కూడా మందం. ట్రాంబోన్ అనే పెద్ద ఇత్తడి బాకా ఊదితే ఉబ్బసం తగ్గుతుందని తండ్రి దాన్ని నేర్పించాడు. పియానో వాయించి పేరు తెచ్చుకోవాలని కుర్రవాడికి కోరిక. కాని కుడిచేతి నరాలకు జబ్బు చేసి, ఆ కోరిక తీరలేదు. అందుచేత కొంతకాలం బాకా ఊది పొట్టపోసుకుని, తరవాత మేష్టరు అయాడు.

ఈయనకు మన దేశంతో కూడా ఒక సంబంధం ఉన్నది. ఋగ్వేదం గురించి తెలుసుకున్నాక, ఆయన లండన్‌లో సంస్కృతం నేర్చుకుని, కొన్ని సూక్తాలను తానే ఇంగ్లీషులోకి మార్చి వరసలు కట్టాడు. మీకు తెలిసిన సావిత్రీ సత్యవంతుల కథను చిన్న సంగీత నాటకంగా రాశాడు. దాన్ని 1916లో మొదటిసారి ప్రదర్శించారు.

ఇక అసలు కథ. 1913లో ఆ బడిలో సంగీతం కోసం కొత్త కట్టడం కట్టి, అందులో హోల్‌స్ట్‌కు ఒక గది ఇచ్చారు. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఏర్పాటు చేసిన గది అది. సంగీతం రాసుకునేవాడికి అంతకంటె ఏం కావాలి? ఆయన కృతజ్ఞతతో బడి పిల్లల కోసం 'సెయింట్ పాల్స్ సూట్' అనే రచన చేశాడు. సూట్ అంటే కొన్ని చిన్న రచనలను దండగా గుచ్చినది అన్నమాట. ఇందులో నాలుగు భాగాలు ఉన్నాయి. మొత్తం వాయించటానికి పన్నెండు పదమూడు నిమిషాలు పడుతుంది. 1922లో ఇది అచ్చయింది.

దీన్ని వాయించే మేళంలో తంతి వాద్యాలు మాత్రమే ఉంటాయి. ఫిడేళ్ళు వాయించేవారు రెండు జట్లు: మొదటి ఫిడేళ్ళు, రెండవ ఫిడేళ్ళు. ఫిడేలుకు అక్కలాంటిది వియోలా. దాని గొంతు కొంచెం బొంగురు. మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించేది చెల్లో. మనిషంత ఎత్తు ఉండి, అన్నిటికంటె కింది స్వరాలు పలికేది డబుల్ బేస్. ఇద్దరిద్దరికి ఒక కాగితం చొప్పున ముందర కొయ్య మీద పెడతారు. పుట తిప్పవలసి వచ్చినప్పుడు ఇద్దరిలో ఒకరు కమాను ఆపి తిప్పుతారు. రెండోవారు వాయిస్తూనే ఉండాలి!

మొదటి భాగం 'జిగ్' అనే గంతుల నాట్యం. ఆరంభంలో అందరూ కలిసి ఒకే వరస వాయిస్తారు. సులువే గదా అనుకుంటున్నారా? దాని నడక ఒకచోట రెండు తకిటలు, మరొకచోట మూడు తకిటలు. 'తకిట తకిట' అని అలవాటు పడిన చెయ్యి, 'తకిట తకిట తకిట' వచ్చేసరికి తడబడుతుంది. ఒక్కరు తడబడినా అందరికీ వినిపిస్తుంది. పైగా గంతుల పాటలో పరుగెత్తాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది. ఒకరు పరుగెత్తితే పక్కవారు పరుగెత్తుతారు. చివరకు మేళమంతా జారుడుబండ మీద జారినట్టు జారిపోతుంది. అందుకనే దీన్ని నేర్చుకునేవారు మొదట నత్తనడకన వాయించి, లెక్క కుదిరాక వేగం పెంచుతారు.

రెండవ భాగం పేరు 'ఆస్టినాటో'. ఇది ఇటలీ మాట. దీని అర్థం 'మొండి' అని! రెండవ ఫిడేళ్ళు కొద్దిపాటి స్వరాల ముక్కను ఒకదాన్ని ఎత్తుకుని, పట్టు విడవకుండా మళ్ళీ మళ్ళీ వాయిస్తాయి. దాని మీద మిగిలిన వాద్యాలు తియ్యటి పాట పాడతాయి.

ఎక్కడైనా రెండవ ఫిడేళ్ళలో కూర్చోమంటే పిల్లలు కొంచెం చిన్నబుచ్చుకుంటారు. పాట వాయించేది మొదటివారు. చప్పట్లు వారికే అనిపిస్తుంది. కాని ఈ భాగంలో రెండవ ఫిడేళ్ళు ఒక్క క్షణం ఆగితే ఏమవుతుంది? తంబురా ఆగిన కచేరీలాగా పాట గాలిలో తేలిపోతుంది. ఒకే ముక్కను అలసిపోకుండా, గట్టిపడకుండా, వేగం మారకుండా వాయించటం అన్నిటికంటె కష్టం. ఇది చేసి చూసిన పిల్లలకు తెలుస్తుంది, ఇల్లు నిలిచేది పునాది మీదనే అని.

మూడవ భాగంలో చాలామంది కమానులు పక్కన పెట్టి, తంతులను వేళ్ళతో మీటుతారు. ఆ మీటుల మధ్య నుంచి ఒంటి ఫిడేలు ఒకటి పాట ఎత్తుకుంటుంది. తరవాత ఒక వియోలా దానికి తోడు వస్తుంది. మీటేవారు గట్టిగా మీటితే పాట వినపడదు. మరీ మెల్లిగా మీటితే పాటకు ఆధారం ఉండదు. ఇంకొకరి పాట వినపడేటట్టు వాయించటం కూడా ఒక విద్యే.

నాలుగవ భాగం అసలైన పరీక్ష. ఇందులో ఇంగ్లండు దేశపు పాత పాటలు రెండు ఉన్నాయి. ఒకటి 'డార్గసన్' అనే నాట్యపు పాట. అది చక్రంలాంటిది, ముగిసే చోటు నుంచే మళ్ళీ మొదలవుతుంది. తిరిగి తిరిగి అదే వస్తూంటే, ఇది ఎన్నో చుట్టో తెలియక పిల్లలు తికమకపడతారు. అందుకని పెన్సిలుతో కాగితం మీద గుర్తులు పెట్టుకుంటారు. అంతలో చెల్లోలు 'గ్రీన్‌స్లీవ్స్' అనే రెండవ పాట ఎత్తుకుంటాయి. మొదటి పాట ఆగదు. రెండూ కలిసి నడుస్తాయి!

రెండింటి నడకా ఒకటి కాదు. ఎలాగో తెలుసుకోవాలంటే ఈ ఆట ఆడి చూడండి. మీరు ఆరుగురు ఉంటే మూడేసి మందిగా రెండు జట్లు కండి. ఒక పెద్దవారు ఆపకుండా ఒకటి నుంచి ఆరు దాకా సమంగా లెక్కపెడుతూండాలి. మొదటి జట్టు 'తకిట తకిట' అంటూ ఒకటి దగ్గరా, నాలుగు దగ్గరా చప్పట్లు కొట్టాలి. రెండవ జట్టు 'తక తక తక' అంటూ ఒకటి, మూడు, ఐదు దగ్గర కొట్టాలి. లెక్క ఇద్దరికీ ఆరే. కాని ఒకరికి రెండు చప్పట్లు, మరొకరికి మూడు చప్పట్లు. కాసేపటికి మీకు తెలియకుండానే అవతలి జట్టులోకి జారిపోతారు. చెవులు మూసుకుంటే జారరు. కాని అప్పుడు కలిసి వెయ్యటం కుదరదు. అవతలివారిని వింటూ మన దెబ్బ మనం తప్పకుండా వెయ్యాలి. ఇక ఫిడేలు చేతబట్టుకుని, రాసిన స్వరాలు చదువుతూ, మేష్టారి చేతివంక చూస్తూ ఈ పని చెయ్యటం ఎంత కష్టమో ఆలోచించండి!

ఇంత కష్టమైనది ఆడపిల్లల కోసం రాయటంలో ఒక విశేషం ఉన్నది. ఆ రోజుల్లో లండన్‌లోని పెద్ద వాద్యబృందాలు సాధారణంగా స్త్రీలను చేర్చుకునేవి కావు. 1913లో హెన్రీ వుడ్ అనే ఆయన తన క్వీన్స్ హాల్ బృందంలోకి ఆరుగురు స్త్రీలను తీసుకుంటే, అది గొప్ప మార్పు అయింది. వియన్నా నగరంలోని ప్రసిద్ధమైన ఫిల్‌హార్మోనిక్ బృందంలో స్త్రీలకు సభ్యత్వం దొరకటానికి 1997 రావలసి వచ్చింది! అటువంటి కాలంలో హోల్‌స్ట్, 'వీరు ఆడపిల్లలు, చిన్నవాళ్ళు, ఏదో తేలికపాటిది చాలులే' అనుకోలేదు. నిజమైన సంగీతమే రాసి ఇచ్చాడు. ఊదే వాద్యాలు నేర్చుకునే పిల్లలు బయట ఉండిపోకుండా, వారి కోసం కూడా ఇందులో భాగాలు రాసి కలిపాడు. అంతటితో ఆగక 1933లో, జబ్బుతో ఉండి కూడా, ఆ బడిలోని చిన్నపిల్లల మేళానికి 'బ్రూక్ గ్రీన్ సూట్' అనే మరొక రచన చేశాడు.

పెద్దలు దీన్ని గమనించాలి. పిల్లలకు ఇచ్చేది ఎప్పుడూ సులువుగానే ఉండాలని లేదు. కష్టమైనది ఇచ్చి, మెల్లిగా నేర్చుకునే వ్యవధి కూడా ఇస్తే, వారు తప్పక అందుకుంటారు. బడిపిల్లల కోసం రాసిన ఈ రచనను ఈనాడు పేరుపొందిన విద్వాంసులు కూడా వాయిస్తున్నారు. పెద్ద మేళాలలో దాని రికార్డులు వచ్చాయి. పిల్లల కోసం చేసినంత మాత్రాన అది చిన్నది కాలేదు.

ఎప్పుడైనా ఈ సంగీతం మీ చెవిన పడితే, పైన వినిపించే పాటను ఒక్కదాన్నే వినకండి. దాని కింద మొండిపట్టు పట్టి వాయించే రెండవ ఫిడేళ్ళను కూడా వెతికి పట్టుకోండి!